అద్దాల రవికలో ఒకతి, చీరలో ఒకతి

మార్కాపురంలో మా నాయనకు బట్టల దుకాణం ఉండేది. తెల్లదొరల కాలం. దుకాణం వెనకే ఇల్లు. లంబాడోళ్ల తండా నుంచి ఒక సుగాలామె ఎర్రగుడ్డ కోసం వచ్చేది. ఆమె కూతురిది నా ఈడు. ఆ పిల్ల రైల్వేలో పట్టాల గ్యాంగుపని చేసే సుగాలి పిల్లోణ్ణి చేసుకుని నంద్యాలకు కాపురం పోయింది.

అక్కడి ఆడోళ్లు ఆమె పావడ చూసి నవ్వినారంట. మొగుడు చీరలు కొనిచ్చినాడు. తల్లేమో, చీరలో వస్తే గడప తొక్కనీయనన్నది. అందుకని రైలు దిగి నేరుగా మా ఇంటికి వచ్చేది. వెనక గదిలో చీర విప్పి, అద్దాల రవిక, కుచ్చుల పావడ వేసుకుని తండాకు పోయేది. తిరిగొచ్చేటప్పుడు మళ్లా చీర. మోచేతి పైనుండే తెల్లగాజులు మాత్రం ఎప్పుడూ తీసేది కాదు. మొగుడు బతికుండగా తీయకూడదంట. చీరలో ఉంటే వాటిని పైట కింద దాచుకునేది.

చీరలో నన్ను "అక్కా" అనేది. పావడలోకి మారగానే "అమ్మా" అనేది. మా అవ్వా అంతే. చీరలో వస్తే లోపల చాప వేసేది, పావడలో ఉంటే అరుగు మీదే నీళ్లిచ్చేది. నాకంతా తికమకగా ఉండేది.

"మనిషి ఒకతే కదవ్వా, ఎందుకట్ల?" అని అడిగినాను.

అవ్వ చెంబు కడిగి బోర్లించింది. "ఏమో తల్లీ, చెయ్యి అట్ల పోతుంది" అనింది.

ఒక వానాకాలం వాళ్లమ్మ చనిపోయింది. కబురంది ఆ పిల్ల చీరలో వచ్చింది. నేను వెనక గది తలుపు తీసినాను.

"ఎవురు చూడాలని మార్చుకునేది అక్కా?" అని, అట్లనే తండాకు పోయింది.

దినాలయినాక వచ్చింది. ఒంటి మీద వాళ్లమ్మ పెట్టెలోని పావడ, రవిక. కొన్ని అద్దాలు ఊడి దారాలు వేలాడుతున్నాయి.

"చీర కట్టుకోవా? రైలుకు టైమవుతోంది."

"ఇట్లే పోతా."

"మీ ఆయన ఏమంటాడో?"

"ఏమో, నాకూ తెలీదు."

అవ్వ లోపల చాప పరిచి పిలిచింది. ఆమె రాలేదు. అరుగు మీదే కూర్చుని నీళ్లు తాగింది. అవ్వ మొహం చిన్నబోయింది. "నేనేమన్నా తప్పుగా అన్నానా?" అని నన్ను అడిగింది. ఆ పిల్లది కోపమో, దిగులో, ఆ బట్టల్లో తన చోటు అరుగేననుకుందో, మొహం చూస్తే ఏదీ తెలియలేదు. మూట ఎత్తుకుని స్టేషను దారి పట్టింది.

మళ్లా మా ఇంటికి రాలేదు. నంద్యాలలో ఏం కట్టుకునిందో ఎవరూ చెప్పలేదు.