నా ముక్కును చెడగొట్టింది ఆ డాక్టరు కాదు

నారాయణగూడలో చెవి, ముక్కు, గొంతు చూసే గుంటూరు డాక్టరు అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమానికి భయపడి పారిపోయాడని మావాళ్లు ఇప్పటికీ అంటారు. అబద్ధం. ఆయన్ను వెళ్లగొట్టింది నేను చెప్పిన మాట.

అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. ఇల్లు అశోక్‌నగర్‌లో, సాయంత్రాలు చిక్కడపల్లి హోటల్లో. ముక్కు నెలల తరబడి దిబ్బడగా ఉండేది. లోపల పక్కులు కట్టేవి, కొన నేరేడుపండు రంగుకు తిరిగింది. ఆ డాక్టరు లోపలి నుంచి చిన్న కండముక్క తీసి పరీక్షకు పంపాడు. "క్షయ కాదు, కుష్ఠూ కాదు. సార్కాయిడోసిస్ అంటారు. ఎందుకొస్తుందో మాకూ తెలీదు" అని స్టెరాయిడ్ మాత్రలు రాశాడు.

వాటితో ఊపిరాడింది, రంగూ తగ్గింది. కానీ మొహం ఉబ్బింది.

"అరే, పూరీ లెక్క పొంగినవేందిరా! ఆంధ్రోడు ఏం మందు పెట్టిండు?" అన్నాడు హోటల్లో ఒకడు. అందరూ నవ్వారు.

మర్నాడు రోగులందరి ముందే డాక్టర్ని నిలదీశాను. "నా మొఖం గిట్ల చేసినవేంది?"

"మందు వల్లే. మెల్లగా తగ్గిస్తే వాపు పోతుంది. మీ అంతట మీరు మానేస్తే ముక్కు దూలం కూలుతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకండి."

ఆయన నోరూ మెత్తనిది కాదు. ఆ పంతంతోనే మానేశాను. వాపు దిగింది. ముక్కు మళ్లీ మూసుకుంది, కొన్నాళ్లకు దూలం మధ్యలో గుంట పడింది. అడిగినవాళ్లకల్లా "కత్తి పెట్టి కోసిండు, చూడుండ్రి" అన్నాను. మాత్రలు మానిన సంగతి చెప్పలేదు. ఆ రోజుల్లో అలాంటి మాటకు వేరే సాక్ష్యం అడిగేవాడు లేడు. ఆయన గోడ మీద బొగ్గుతో 'వాపస్ పో' అని రాశారు. రోగులు రావడం మానేశారు.

ఆయన సామాను లారీకెక్కిస్తుంటే వేడుక చూడ్డానికి వెళ్లాను. నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు. కొడతాడనుకున్నాను. గడ్డం పట్టుకుని, తల వెనక్కి వంచి, ఎండ వెలుగులో ముక్కు లోపలికి చూశాడు.

"మానేశారు కదూ? మీవాళ్లలో ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లండి, కానీ మాత్రలు ఇవాళే మొదలుపెట్టండి. మిగిలిందైనా దక్కుతుంది."

చెయ్యి విదిలించి, "ముందు నీ సామాన్ చూస్కో" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ఆ ఈలలు నాకు నచ్చాయి.

తర్వాత చూసిన డాక్టరు అవే మాత్రలు రాశాడు. మొహం మళ్లీ అలాగే ఉబ్బింది. ఆయన మా జిల్లావాడు కాబట్టి హోటల్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.