కొండల్ రావు గిర్రుడబ్బా

సన్నటి గుర్రు. దాని మధ్యలో, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు, గాజు మీద ఒక టక్. మళ్లీ గుర్రు, మళ్లీ టక్. గరాజ్‌లోంచి కొండల్ రావు ఇంట్లోకి వచ్చి, మంచు అంటిన బూట్లు విప్పుకుంటూ త్రివేణి ఆ చప్పుడు విన్నది. పిల్లి కాదు, ఈ ఇంట్లో పిల్లి లేదు. డిష్‌వాషర్ కాదు, దానికి ఇంత లయ తెలియదు. మిషిగన్‌లోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నాలు దూది కూరిన గదుల్లా ఉంటాయి. వీధి చప్పుళ్లన్నీ మంచు తాగేస్తుంది. ఇంట్లో మిగిలిన చిన్న శబ్దం మాత్రం దీపంలా వెలుగుతుంటుంది.

"ఆగు చెల్లె, మాట్లాడకు," అని వంటింట్లోంచి గొంతు వచ్చింది. ఆమె ఇంకా నోరు విప్పనే లేదు.

ఆ గొంతు కొండల్ రావుది. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, గ్రానైట్ గట్టుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. చెవి పక్కన ఒక ప్లాస్టిక్ మిఠాయి డబ్బా బోర్లించి ఉంది. దాని మీద గాజు ఫ్లాస్కులో నీళ్లు. నీళ్ల నడుమ చిన్న సుడి, ఎవరో కనిపించని వేలితో కలుపుతున్నట్టు.

అతని ఉద్యోగమే వినడం. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో, గోడలనిండా స్పాంజి అతికించిన గదిలో కూర్చుని, సీటు ముందుకీ వెనక్కీ జరిగేటప్పుడు మోటారు చేసే చప్పుళ్లలో ఏది కొన్నవాడికి విసుగు తెప్పిస్తుందో చెప్పాలి. చెప్పిన చప్పుడును తీసేయించాలి. ఆ అలవాటు గదిలోనే వదిలిరావడం అతనికి చేతకాలేదు. ఒకసారి అందరూ పిక్నిక్‌కి వెళ్తుంటే, హైవే పక్కన కారు ఆపించి, నలుగురినీ దింపి, డిక్కీ అంతా గాలించాడు. స్పేర్ టైరు గుంటలో, ఎప్పుడో గుడికని కొని మరిచిపోయిన కొబ్బరికాయ దొర్లుతోంది. కారు అతని స్నేహితుడు, త్రివేణి భర్త కృష్ణమోహన్‌ది. అతను అక్కడే రోడ్డు పక్కన ఆ కాయ కొట్టి అందరికీ పంచాడు.

పోయిన వసంతంలో కృష్ణమోహన్ గుండె ఆగిపోయింది.

అతను ఇంటి బేస్‌మెంట్‌లో బీరు కాచేవాడు. బార్లీ నీళ్లు మరిగించి, నారింజ తొక్కలు, కాసిని ధనియాలు వేసి. మరిగించేంతవరకే మనిషి పని, బీరు చేసేది మాత్రం ఈస్ట్ అనేవాడు. అది ప్రాణమున్న పదార్థం. అతను ఏనాడూ కొత్త ఈస్ట్ కొనలేదు. ఒకసారి కాచిన బీరు అడుగున మిగిలిన మడ్డిని సీసాలో దాచి, తర్వాతి దానికి వాడేవాడు. ఏళ్ల తరబడి అదే వంశం. త్రివేణికి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆమె కొత్తగా మిషిగన్ వచ్చినప్పుడు కొండల్ రావు భార్య శశికళ చిన్న గిన్నెలో ఇచ్చిన పెరుగే ఇప్పటికీ ఆమె ఇంట్లో తోడుగా నడుస్తోంది.

కర్మకాండలకు వచ్చిన చుట్టాలు సాయంగా ఫ్రిజ్ శుభ్రం చేసి, బురదలా ఉన్న ఆ మడ్డి సీసాను పాడైపోయిందనుకుని పారబోశారు. బీరు సీసాలు ఒక్కొక్కటిగా స్నేహితుల చేతుల్లో ఖాళీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది, ఆవకాయ జాడీ వెనక. గోధుమరంగు గాజు అడుగున తెల్లటి సన్నని గీత. కృష్ణమోహన్ ఈస్ట్ బతికి ఉంటే ఆ గీతలోనే ఉండాలి. లేకపోతే ఇక ఎక్కడా లేదు.

దాన్ని బతికించి చూస్తానని కొండల్ రావు అడిగినప్పుడు ఆమె చాలా రోజులు తటపటాయించింది. మూత తీశాక మళ్లీ పెట్టలేం కదా. ఈ మధ్యాహ్నం ఆ సీసాను తువ్వాలులో చుట్టి, కారులో పక్క సీట్లో పెట్టి, దానికి బెల్టు పెట్టి మరీ వచ్చింది.

నిద్రలో బలహీనపడిన ఈస్ట్‌కి కాస్త కాస్త తిండి పెడుతూ, గాలి అందేలా ఎడతెగకుండా కలుపుతూ ఉండాలట. దానికే ఈ డబ్బా. దీన్ని స్టిర్ ప్లేట్ అంటారు, దుకాణంలో దొరుకుతుంది. కొండల్ రావు కొనలేదు. పాత కంప్యూటర్ ఫ్యాను విప్పి, దాని నడినెత్తిన అయస్కాంతాలు అతికించాడు. పైన ఫ్లాస్కులో మాత్రలాంటి, తెల్లటి పూత పూసిన అయస్కాంతపు ముక్క. కింద అయస్కాంతం తిరిగితే పైన అది తిరుగుతుంది. మొదట ఫ్రిజ్ మీది అయస్కాంతాలు పీకాడు. తిరుపతి నుంచి తెచ్చింది ఒకటి, నయాగరా నుంచి తెచ్చింది ఒకటి. రెంటి బలం కలిపినా ముక్క కదలలేదు. శశికళ వాటిని తిరిగి అతికిస్తూ, దేవుడినీ జలపాతాన్నీ కట్టేసి తిప్పబోయిన మనిషి మిషిగన్ మొత్తంలో ఈయనొక్కడే అన్నది. తర్వాత పాత హార్డ్ డిస్క్ పగలగొట్టి అందులోవి తీశాడు. అవి ఎంత గట్టివంటే, మొదటిసారి ముక్క సుడిలోంచి తప్పించుకుని గాజుకు కొట్టుకుంది. వేగం తగ్గించే మరను చేర్చాడు. ఫ్యాను ఒక పక్కకు వాలుతోందని కింద మడిచిన కాగితం పెట్టాడు. అన్నీ అయ్యాక ఆ ఒక్క టక్ మిగిలింది. దాని కోసమే ఇప్పుడు గట్టు మీద చెవి పెట్టి ఉన్నాడు. ఆయన గిర్రుడబ్బా ముచ్చట తేలేవరకు ఎవరికీ చాయ్ లేదని శశికళ త్రివేణిని కుర్చీలో కూర్చోబెట్టింది.

సీసా మూత తీసినప్పుడు చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు వచ్చింది. మడ్డి కదలకుండా కొండల్ రావు బీరును మెల్లగా స్టీలు గ్లాసులోకి వంచాడు. త్రివేణి ఎప్పుడూ తాగేది కాదు. ఈసారి పెదవులు తడుపుకుంది. చేదు, దాని వెనక నారింజ తొక్క, ఆ వెనక ధనియాలు. తన పోపుల పెట్టెలోంచి అతను అడక్కుండా తీసుకెళ్లిన ధనియాలు. మిగిలింది కొండల్ రావు తాగాడు. అడుగున ఉన్నదాన్ని, చల్లారిన తియ్యటి బార్లీ నీళ్లున్న ఫ్లాస్కులోకి వంపాడు. ఖాళీ సీసాను సింకులో పెట్టబోతుంటే ఆమె తీసుకుని, నోటికి రేకు చుట్టి సంచిలో వేసుకుంది.

ఇల్లు చల్లగా ఉంది. ఈస్ట్‌కి వెచ్చదనం కావాలి. ఆ వెచ్చదనం ఎక్కడుంటుందో ఇక్కడి తెలుగు ఇళ్లన్నిటికీ తెలుసు. అవెన్ వేడి చెయ్యకుండా, లోపలి లైటు మాత్రం వెలిగించి ఇడ్లీ పిండి పెట్టే చోటు. శశికళ ఇంట్లో దానికొక కట్టుబాటు. లోపల ఏదైనా ఉంటే అవెన్ పిడికి ఎర్ర తువ్వాలు వేలాడుతుంది. అది ఉన్నంతసేపూ ఎవరూ మీట తాకరు. కూతురు ఆద్య నడక నేర్చిన నాటి నుంచీ నేర్చుకున్న పాఠం అది.

డబ్బా, ఫ్లాస్కు, పక్కనుంచి బయటికి తీసిన వైరు, వేలాడుతున్న ఎర్ర తువ్వాలు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్తూ త్రివేణి వచ్చి అవెన్ అద్దంలోంచి చూసేది. పసుపు వెలుగులో సుడి. అది పాలిపోయిందా, చిక్కబడిందా అని ఆమెకూ తెలియదు, కొండల్ రావుకూ తెలియదు. కానీ గుర్రు ఉంది, టక్ ఉంది. అది చాలనిపించేది.

శనివారం ఆమె శశికళతో కలిసి బల్ల దగ్గర గోంగూర వలుస్తోంది. కొండల్ రావు బయట మంచు తోస్తున్నాడు. ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటున్న ఆద్య శుక్రవారమే ఇంటికి వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంటింట్లోకీ బయటికీ తిరుగుతోంది. శశికళ తన చెల్లెలి కొడుకు పెళ్లి సంబంధం గురించి చెబుతోంది. ఆ మాటల మధ్యలో త్రివేణి చేయి ఆగింది.

టక్ వినిపించడం లేదు.

ఆమె లేచి అవెన్ తలుపు తెరిచింది. వేడి గాలి మొహాన కొట్టింది, కాలిన ప్లాస్టిక్ వాసనతో. డబ్బా ఒక పక్కకు కుంగి, అలిగిన పిల్లలా మూతి వంచుకుంది. ఫ్లాస్కు అంచున బుడగలు. ఫ్రీజర్‌లోని పిజ్జా కోసం ఆద్య అవెన్ పెట్టింది.

కేకలు విని కొండల్ రావు బూట్లతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. గుడ్డతో ఫ్లాస్కును బయటికి తీసి, థర్మామీటర్ ముంచి, ఒక్కసారి చూసి, గట్టు మీద పెట్టేశాడు. అంత వేడిలో ఈస్ట్ బతకదు. బూట్ల మంచు టైల్స్ మీద కరుగుతూ ఉండిపోయింది.

"డాడీ, టవల్ లేదు," అంది ఆద్య ఏడుపు గొంతుతో. "నేను చూసాను. ప్రామిస్. టవల్ లేదు."

నిజమే. తువ్వాలు పిడికి లేదు. కుంగిన డబ్బా కింద, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నేనే తీసిన బిడ్డా," అన్నాడతను. "పొద్దున డబ్బా కింద అవెన్ ఇనుప జాలీ గలగలమంటుండె. చెవికి ఆగలే. కింద పెట్టిన." త్రివేణి వైపు చూడకుండానే అన్నాడు: "చప్పుడు తీసేద్దామని మనిషినే తీసేసిన చెల్లె."

శశికళ తువ్వాలు బయటికి తీసి, కాలిన మూలను వేళ్లతో రాస్తూ నిలబడింది.

త్రివేణికి కోపం రాలేదు. కారులో వస్తున్నంతసేపూ, పిక్నిక్ దారిలో కొబ్బరికాయ పట్టుకుని గెలిచినవాడిలా నవ్విన కొండల్ రావే కనిపిస్తున్నాడు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచింది. ఆవకాయ జాడీ వెనక, ఎప్పటి చోటులోనే, రేకు చుట్టిన ఖాళీ సీసా. ఆరోజు తెచ్చాక కడగాలని సింకు దాకా తీసుకెళ్లి, నీళ్లు తిప్పలేక, తిరిగి అక్కడే పెట్టింది. లైటుకు ఎత్తి చూసింది. అడుగున ఒక మూల, పాలు తాగిన గ్లాసులో మిగిలే మరకలా, తెల్లటి పొర.

కొండల్ రావుకు ఫోన్ చేసి, సీసా కడగలేదని చెప్పింది. అవతల కారు తాళాల చప్పుడు.

ఈసారి డబ్బా కృష్ణమోహన్ క్యారమ్ కాయలు దాచుకునే చెక్కపెట్టె. ఫ్యాను కొత్తది, అయస్కాంతాలు పాతవే. అవెన్ ఊసెత్తలేదు. త్రివేణి వంటింట్లో, హీటర్ నుంచి వెచ్చటి గాలి వచ్చే కన్నం పక్కన పెట్టారు. ఆద్య వచ్చి పెట్టె చుట్టూ తన స్కార్ఫ్ కట్టింది, అదీ ఎర్రదే. కొండల్ రావు సీసాలో రెండు చెంచాల పలచటి బార్లీ నీళ్లు పోసి, ఊపి, ఫ్లాస్కులోకి వంచాడు. అంత తక్కువ నీళ్లలో సుడి కూడా పుట్టలేదు, చిన్న వణుకు మాత్రమే.

కొన్ని రోజులు ఏమీ జరగలేదు. ఆమె చప్పుడుతో పాటు అన్నం తిన్నది, చప్పుడుతో పాటు ఇంటి నుంచే ఆఫీసు మీటింగుల్లో కూర్చుంది. కృష్ణమోహన్ ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండేది. అతను పోయాక ఫ్రిజ్ మోటారు తప్ప ఇల్లు మాట్లాడింది లేదు.

ఆదివారం పొద్దున మెట్లు దిగుతుంటేనే వాసన తగిలింది. రొట్టె లాంటిది, పండిన అరటిపండు లాంటిది. బీరు కాచిన మర్నాడు బేస్‌మెంట్ నుంచి పైకెక్కి వచ్చే వాసన. ఫ్లాస్కులో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. అంచున సన్నటి నురగ.

కొండల్ రావు వచ్చి ముక్కు పెట్టాడు, చెవి పెట్టాడు, ముక్కూ చెవీ మార్చి మార్చి పెట్టాడు. కళ్లజోడు తీసి స్వెటర్‌తో తుడుచుకున్నాడు. వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేసిన చిన్న సీసాలోకి సగం వంపుకుని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇకమీదట రెండిళ్లలోనూ ఉండాలి, ఒక ఇంట్లో పోతే రెండో ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు అన్నాడు. మిగిలిన సగానికి కొత్తగా బార్లీ నీళ్లు పోశాడు. మళ్లీ గుర్రు మొదలైంది. మళ్లీ గాజు మీద టక్.

అతని వేళ్లు అలవాటుగా మర వైపు వెళ్లాయి. అర నిమిషం పని, ఆ టక్ తీసేస్తానన్నాడు.

"వద్దు అన్నయ్యా. ఉండనివ్వండి," అంది త్రివేణి.

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారేమో, ఒక చప్పుడును ఉన్నచోటే వదిలేసి బూట్లు వేసుకున్నాడు. గుమ్మం దాటి, మంచులో రెండడుగులు వేసి, జేబు మీద చేయి పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"చప్పుడు ఆగితే ఫోన్ చెయ్, చెల్లె," అన్నాడు. "ఆగకపోయినా చెయ్."