ఎడమ పక్క కనపడని నాకు బోటు లైసెన్సు ఇచ్చారు

ఆ ఆదివారం పొద్దున నేను బోటును జెట్టీకి గుద్దాను. గట్టిగా కాదు. జెట్టీకి కట్టిన పాత లారీ టైర్లకు ఎడమ పక్క రాసుకుని బోటు ఒక్క ఊపు ఊగింది. లోపల కూర్చున్న బెంగుళూరు వాళ్ళు కెవ్వుమని అరిచి, ఆ తర్వాత నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా అదే జెట్టీకి బోటు ఆనిస్తున్నాను. కళ్ళు మూసుకుని ఆనిస్తానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నిద్ర లేచినప్పటి నుంచి తల వెనక ఒకటే నొప్పిగా ఉంది. ఎండ దెబ్బ అనుకున్నాను.

నా పేరు మునిరత్నం. యాభై నాలుగేళ్ళు. పలమనేరుకూ చిత్తూరుకూ నడుమ ఉన్న ఒక రిజర్వాయరులో బోటు డ్రైవర్ని. సరదాకి సొంత బోటు కొనుక్కున్న వాళ్ళకూ, రిసార్టుల వాళ్ళకూ లైసెన్సు ట్రైనింగు ఇచ్చేది కూడా అక్కడ నేనే. ఊరి పేరూ లైసెన్సులిచ్చే ఆఫీసు పేరూ రాయను. అక్కడున్న వాళ్ళంతా నాకు కావలసిన వాళ్ళే, పైగా జరిగిన దాంట్లో సగం తప్పు నాది.

మర్నాడు చిత్తూరులో కళ్ళద్దాల షాపుకు పోయాను. బోర్డు మీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేశాను. "నీ కండ్లకేమప్పా, బంగారట్లా ఉండాయి" అన్నాడు షాపతను. పేపరు చదవడానికి ఒక జత అద్దాలు మాత్రం ఇచ్చాడు. ఆ మాటకు సంబరపడి ఇంటికొచ్చేశాను. తర్వాత పది రోజులు ఎడమ భుజం వాకిళ్ళకు తగులుతూనే ఉంది. బజారులో ఎవరెవరినో గుద్దుకుని తిట్లు తిన్నాను. కొత్త అద్దాలు అలవాటు కాలేదని సర్దిచెప్పుకున్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ "మే, మజ్జిగ తేలేదా?" అని కేక వేశాను. నా భార్య కస్తూరి నా ఎడమ చేతి పక్కనే చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపట్నుంచి నిలబడుండాను ఈడ! మనిషిని సూడనట్టు కూర్చోనుండావే, నీకు కండ్లు నెత్తికెక్కినాయా?" అని గయ్యిమంది.

గొంతు వినపడిన వైపు తల తిప్పాను. కనపడింది. తల నేరుగా పెట్టాను. ఆమె లేదు. మళ్ళీ తిప్పాను, ఉంది. మళ్ళీ నేరుగా పెట్టాను, లేదు. కస్తూరి మొహంలో కోపం పోయి భయం వచ్చింది. చెంబు కింద పెట్టి, "చొక్కా తొడుక్కో, తిరుపతికి పోదాం" అంది.

తిరుపతిలో ఒక ఆసుపత్రికి పోయాం. ముందు కంటి డాక్టరమ్మ చూసింది. గిన్నెలాంటి మిషనులో గడ్డం పెట్టించి, చేతికో బటన్ ఇచ్చి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా నొక్కమంది. చాలాసేపు చుక్కలే రావడం లేదు. మిషను చెడిపోయినట్టుందమ్మా అని చెప్పాను కూడా. చివరికి కాగితం బయటికొచ్చింది. దాని మీద కంటికొకటి చొప్పున రెండు గుండ్రటి బొమ్మలు, రెండింటికీ ఎడమ సగం నల్లగా ఉంది.

"మీ కళ్ళు బాగున్నాయి. సిక్స్ బై సిక్స్" అంది డాక్టరమ్మ. "అక్షరాలు ఎన్నిసార్లు చదివించినా చదువుతారు. పోయింది ఫీల్డ్, అంటే నేరుగా చూస్తున్నప్పుడు చుట్టుపక్కల కనపడే మేర. ఈ రోజే ఎం.ఆర్.ఐ. తీయించాలి."

ఎం.ఆర్.ఐ. చూసిన న్యూరో డాక్టరు, "ఇది స్ట్రోక్. రైట్ పి.సి.ఏ. ఇన్‌ఫార్క్ట్. చూపుకు సంబంధించిన భాగం మెదడు వెనక ఉంటుంది, అక్కడ కుడి పక్కకు రక్తం ఆగిపోయింది. కుడి పక్క దెబ్బతింటే ఎడమ చూపు పోతుంది" అన్నాడు.

"స్ట్రోక్ అంటే కాలూ చెయ్యీ పడిపోవాల కదా సార్?"

"అందరికీ పడిపోవు. మీకు చూపులో సగం పడిపోయింది. తలనొప్పి ఎప్పుడొచ్చింది?"

పన్నెండు రోజులని చెప్పాను. ఆయన తిట్టలేదు. "మొదటి రోజే, ఆ గంటల్లోనే వచ్చుంటే ఏమైనా ఇంజెక్షన్ ఇచ్చి చూసేవాళ్ళం" అన్నాడు. తిట్టుంటేనే బాగుండేది. ఆ కళ్ళద్దాల షాపు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఈ.సీ.జీ.లో గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. అక్కణ్ణుంచి రక్తపు గడ్డ లేచి మెదడుకు పోయి ఉంటుందట. రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మొదలుపెట్టి ఐదు రోజులు వార్డులో ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "బండి వద్దు. బోటు అసలే వద్దు. చూపు ఎంతో కొంత వెనక్కి వస్తే ఎక్కువగా ఈ మూడు నెలల్లోనే వస్తుంది" అన్నాడు.

ఆ మూడు నెలలు ఎట్లా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట గురించి ఎవరూ ముందుగా చెప్పరు. గడ్డం గీసుకుంటే మళ్ళీ పడుకోవాల్సిందే. పేపరు తీస్తే ఒక వరస చదివాక రెండో వరస మొదలు యాడుందో దొరికేది కాదు. మధ్యలోంచి చదివి, అర్థం కాక విసిరి కొట్టేవాణ్ణి. ఒకరోజు పొద్దున ముక్కులోంచి రక్తం కారడం మొదలై ఎంతకూ ఆగలేదు. చిత్తూరులో చూపిస్తే, బ్లడ్ థిన్నరుతో పాటు మోకాళ్ళ నొప్పికి నేను సొంతంగా కొనుక్కుని వేసుకున్న మాత్ర వల్లే అన్నారు. కస్తూరి ఆ మాత్రల అట్టను అక్కడికక్కడే చెత్తబుట్టలో పారేసింది.

కళ్ళను ఎడమకు తిప్పి వెతకడం నేర్చుకోవాలి, దాన్ని స్కానింగ్ అంటారు. కస్తూరి తన బొట్టుబిళ్ళలు గోడ మీద ఎడమ వైపు అతికించి, తల కదపకుండా లెక్కపెట్టమనేది. నాకు కోపమొచ్చి లేచిపోతే, "లెక్కపెడితేనే కాఫీ" అని కూర్చోబెట్టేది. మూడు నెలలకు మళ్ళీ ఫీల్డ్ టెస్ట్ చేశారు. నలుపులో కింద అంచున కాస్త తెలుపు వచ్చింది. "ఇంతకు మించి ఆశ పెట్టుకోకండి" అంది డాక్టరమ్మ.

సరిగ్గా అప్పుడే నా లైసెన్సు రెన్యువల్ వచ్చింది. నాకు నీళ్ళ మీద పని తప్ప ఇంకొకటి చేతకాదు. బోటు లేకపోతే ఆ ఊళ్ళో నేనెవరో నాకే తెలియదు. కస్తూరి వద్దని మొత్తుకుంది.

"డాక్టరు అంత గట్టిగా చెప్పినాడు కదయ్యా."

"టెస్టుకు పోయి సూడనీ మే. కనపడకపోతే వాళ్ళే ఫెయిల్ చేస్తారు కదా" అన్నాను. ఆ మాట ఆమెను మభ్యపెట్టడానికి అనలేదు. నేను నిజంగానే నమ్మాను.

మా దగ్గర టెస్టు ఎట్లా ఉంటుందో చెబుతాను. ట్రైనింగు మూడు పొద్దుటి పూటలు. మొదటి పూట గట్టు మీదే మాటలతో సరిపోతుంది. రెండో పూట ఒక్కొక్కరికి పావుగంట స్టీరింగు. మూడో పూట టెస్టు. గాలి లేవక ముందే పెట్టేస్తాం, గాలి లేస్తే సగం మంది ఫెయిలవుతారని. నీళ్ళలో ఒక బోయ్ వేస్తాం, అంటే తేలే గుండ్రటి గుర్తు. నేరుగా పోయి, దాన్ని కుడి పక్కన పెట్టుకుని చుట్టి వస్తే పాసు. ఎడమకు తిప్పించం. ఆ పక్క మునిగిన తుమ్మ మొద్దులున్నాయి, తగిలితే ఇంజను రెక్క పాడవుతుంది. బోయ్ అట్లా వేద్దామని సలహా ఇచ్చింది నేనే. నీళ్ళలో పడినవాణ్ణి ఎట్లా తీయాలో పుస్తకంలో ఉంది, నోటితో చెబుతాం. నీళ్ళలో చేయించింది మాత్రం ఒక్కరోజూ లేదు.

కళ్ళ టెస్టు ఆఫీసు వసారాలో. గోడకు ఒకే అక్షరాల అట్ట. ముందువాడు గట్టిగా చదువుతుంటే వెనక వరసంతా వింటూ ఉంటుంది. నీ వంతు వచ్చేసరికి అట్ట చూడకుండానే చదవొచ్చు. నాకు ఆ అవసరం కూడా లేదు, సిక్స్ బై సిక్స్ కదా. ఫారంలో "ఏవైనా జబ్బులు ఉన్నాయా" అనే గడిలో ఏమీ లేవని గీత పెట్టాను. ఆ గీత నా చేత్తో నేను పెట్టిందే. దానికి ఎవర్నీ అనను.

ఆఫీసరు సారు నన్ను చూసి నవ్వాడు. "నీకేం టెస్టప్పా రత్నం, అందరికీ టెస్టు పెట్టించేదే నువ్వు. ఒక రౌండు కొట్టేసి రా పో" అన్నాడు. కొట్టేసి వచ్చాను. బోయ్ కుడి పక్క ఎర్రగా, చక్కగా కనపడింది. పాసయ్యాను. పాసయ్యాక డాక్టర్లే అతి చేశారేమో అనిపించింది. లైసెన్సు మీద సారు సంతకం చూసుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పాసైన మూడో రోజు ఆరుగురిని ఎక్కించుకుని పోతున్నాను. చేపలు పట్టే రెడ్డెప్పన్న తన పుట్టిలో కూర్చుని వల తీసుకుంటున్నాడట. నాకు కనపడిందల్లా ఖాళీ నీళ్ళు. ఎడమ పక్క కూర్చున్న ఒకావిడ "అయ్యో మనిషి! మనిషి!" అని అరిచింది. ఇంజను ఆపేశాను. బోటు తగల్లేదు గానీ అల తగిలింది. పుట్టి బోర్లా పడింది.

ఆ తర్వాత నేను చేసిన పనులు చెప్పడానికి సిగ్గుగా ఉంది. లైఫ్ రింగు విసిరితే గాలికి పక్కకు పోయింది. దగ్గరికి పోదామని మళ్ళీ ఇంజను వేసి, వెనక భాగం ఆయన మీదికే తిప్పాను. "ఇంజను ఆపరా సామీ! రెక్క తగుల్తాది!" అని ఆయన నీళ్ళలోంచి కేకలు. ఆయనే ఈదుకుంటూ వచ్చి అంచు పట్టుకున్నాడు. లాగడానికి అందరూ ఒకే పక్కకు వస్తే బోటు కూడా వాలిపోయింది. అంతమందికి ట్రైనింగు ఇచ్చిన నాకు, నీళ్ళలో ఉన్న ఒక్క మనిషిని తీయడం రాలేదు. చివరికి ఆయనే ఎట్లాగో పైకెక్కాడు, ఆయన మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది. అది రెడ్డెప్పన్న అదృష్టం, నా పనితనం కాదు.

గట్టుకు చేరాక ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. తడి బట్టలతో నా ఎదురుగా నిలబడ్డాడు.

"నేరుగా నా వైపే వస్తా ఉండావు రత్నం. నేను చెయ్యెత్తి అరిచినాను కూడా. ఏం పగప్పా నీకు నా మీద?"

"పగేం లేదన్నా. నువ్వు నాకు కనపళ్ళేదు" అన్నాను. ఆసుపత్రి బయట ఎవరికైనా ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. అంతమంది ముందర ఏడ్చేశాను.

మర్నాడు ఆఫీసుకు పోయి ఎం.ఆర్.ఐ. కాగితాలన్నీ బల్ల మీద పెట్టాను. సారు చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "పాసైనోడివి వచ్చి ఫెయిల్ చెయ్యమంటే నేనేం రాసేదప్పా? అయినా టెస్టు గట్టిగా పెడితే ఎవుడొస్తాడు? లైసెన్సు లేకుండానే తోలుకుంటారు. ఈ మాత్రమైనా వస్తా ఉండారని సంతోషపడాల" అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. నేనూ ఇన్నేళ్ళు అదే మాట అంటూ వచ్చినవాణ్ణే.

"బోయ్ మొద్దులకు దూరంగా, ఎడమ తిరుగుడుకు వేయండి సార్. మీరు పక్కన కూర్చోండి. ఒక్కసారి" అని బతిమాలాను.

సారు నా పక్కనే, ఇంజను తాళం చేతికందేట్టు కూర్చున్నాడు. మెల్లగా పోయాను. నేర్చుకున్న స్కానింగంతా చేశాను, మెడ నొప్పి పుట్టేదాకా కళ్ళు తిప్పి వెతికాను. బోయ్‌ను దాటానని ఎడమకు తిప్పాను. బాగానే తిప్పాననిపించింది. "సరిగ్గా వచ్చిందా సార్?" అని అడిగాను.

సారు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. "దాని మీదనే పోయినావు రత్నం" అన్నాడు. వెనక్కి చూస్తే బోయ్ బోటు కింది నుంచి అప్పుడే పైకి లేస్తోంది. "వారం కూడా కాలేదు నీకు సంతకం పెట్టి" అన్నాడు. నేను లేచి స్టీరింగు ఆయనకిచ్చాను.

ఇది జరిగి ఏడాదిన్నర. బోయ్ ఇప్పుడు రెండు పక్కలా తిప్పిస్తున్నారు. కళ్ళ టెస్టుకు ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. ఇసుక నింపిన క్యానుకు లైఫ్ జాకెట్టు తొడిగి నీళ్ళలో వేస్తాను, దాన్ని బోటులోకి తీసినవాడికే సంతకం. ట్రైనింగు మాత్రం ఇంకా మూడు పూటలే. అది చాలదని సారూ నేనూ కలిసి పైకి రాశాం. జవాబు లేదు. మళ్ళీ రాయడానికి ఓపిక కూడగట్టుకుంటున్నాను. నేను జెట్టీ మీదే ఉంటాను, జాకెట్ల బెల్టులు బిగిస్తాను. మధ్యాహ్నానికి ఒళ్ళు అలిసిపోతుంది. బ్లడ్ థిన్నర్ మాత్ర మానలేదు, మానకూడదు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఒకే పక్క గోడలకు, మనుషులకు తగులుతుంటే అద్దాల షాపుతో సరిపెట్టుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి పోయి ఫీల్డ్ టెస్ట్ అడగండి. బండయినా బోటయినా నడిపేవాళ్ళయితే ఇంట్లో కూడా చూసుకోవచ్చు. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ ముక్కునే చూస్తూ ఉండండి. వాళ్ళు ఒక్కో పక్కన వేళ్ళు పెట్టి ఎన్ని వేళ్ళున్నాయో అడుగుతారు. ముక్కు మీంచి చూపు తిప్పకుండా చెప్పాలి.

మా ఇంట్లో ప్రతి నెలా కస్తూరి నాకు ఈ పరీక్ష పెడుతుంది. కుడి పక్క అన్నీ సరిగ్గా చెబుతాను. తర్వాత ఊరికే కూర్చుంటుంది. కాసేపు చూసి, "ఎడమ పక్క కూడా పెట్టు మే" అంటాను.

"ఎప్పుడో పెట్టినానయ్యా" అంటుంది.