మాస్టారి చెవి

ఇరవై ఏళ్ళు దాటింది. ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు, ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. చెప్పాల్సిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు నోరు తెరవలేదు. ఇప్పుడు ఆయన లేరు. మా ఇంట్లోవాళ్ళకీ తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్ళైతే నన్ను ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకొద్దు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. మాది కొవ్వూరు. పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటి వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ అదే వంతెన మీద ఇంటికి రావడం. మా ఓనరుగారు ఎక్కడినుంచో తెచ్చిన సీడీల్లో సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. తెర మీద ఐదు గీతల మధ్య స్వరాలు పెట్టుకుంటూ పోతే అచ్చు పుస్తకంలా తయారయ్యేది. ప్లే నొక్కితే రాసినదాన్ని స్పీకర్లలో వాయించేది కూడా. సెంటర్లో అది తెరవడం నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే చిన్నప్పుడు మూడేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాను.

నేర్పింది మాస్టారు. పేరు రాయను. మద్రాసులో సినిమా రికార్డింగుల్లో ఫిడేలు వాయించి, అక్కడ పని తగ్గాక కొవ్వూరు వచ్చేసి, ఇంటి వరండాలో పిల్లలకి పాఠాలు చెప్పుకునేవారు. ఐదు గీతల రాత ఆయనకి మద్రాసులోనే పట్టుబడింది. కానీ ఆయన విద్యంతా చెవిలో ఉండేది. మేము పదిమందిమి ఒకేసారి బరబరా వాయిస్తుంటే, లోపల భోంచేస్తూనే, "ఎడం పక్క చివరివాడు, రెండో తీగ చూస్కోరా" అని కేకేసేవారు. చూసుకుంటే నిజంగానే తీగ సడలి ఉండేది.

పదకొండేళ్ళప్పుడు నన్ను మాన్పించారు. తిట్టలేదు. తల నిమిరి, "నీకు వేళ్ళున్నాయమ్మా. చెవి ఇంకా రావాలి" అన్నారు. ప్రేమగానే అన్నారు. నేను ప్రేమగా తీసుకున్నానా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. తీసుకోలేదనే అనుకుంటాను.

ఆయన పిల్లల కోసం ఏళ్ళ తరబడి రాసుకున్న పాఠాలు ఒక పొడుగాటి నోటుబుక్కులో ఉండేవి. రెండు ఫిడేళ్ళు కలిపి వాయించే చిన్న చిన్న పాఠాలు. వాటిని పుస్తకంగా వేయాలని ఆయన కోరిక. నేను కంప్యూటర్లో సంగీతం ఎక్కిస్తానని ఎవరో చెబితే, ఒక గురువారం నోటుబుక్కు సంచిలో పెట్టుకుని సెంటర్‌కి వచ్చారు. నన్ను చూసి ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. "మన పిల్లే!" అని ఓనరుగారితో రెండుసార్లు అన్నారు.

అప్పట్నించి ప్రతి గురువారం వచ్చేవారు. మొదటి వారం ఫైలు తెరిస్తే స్వరాలకి బదులు చదరపు డబ్బాలు కనిపించాయి. సంగీతం ఫాంటు చెడిపోయింది. మళ్ళీ వేసి సరిచేశాను. ఇంకోసారి, నేను చెరిపేసిన స్వరం తెర మీద అలాగే నిలబడిపోయింది. మాస్టారు వేలు పెట్టి, "ఇది నేను రాయలేదమ్మా" అన్నారు. పేజీ పైకీ కిందకీ జరిపితే మాయమైంది. "తెర మీద మరకండి అది. కనిపించేదంతా నిజం కాదు, లోపలున్నదే నిజం" అన్నాను గొప్పగా. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. చెప్పే స్థానంలో నేనూ, వినే స్థానంలో ఆయనా. అది నాకు బాగుంది. బాగుందన్న సంగతి అప్పుడే తెలుసు కూడా.

పన్నెండో పాఠంలో రెండో ఫిడేలుకి ఒకచోట జారు ఉంది, అంటే ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారడం. కంప్యూటర్ చేత కూడా అలా జారించొచ్చని ఆయనకి చూపించాలనిపించింది. స్వరాన్ని కిందికి లాగే గుర్తొకటి ఆ చోట పెట్టాను. మెషీన్ మూలిగినట్టు వాయించింది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ గుర్తుని తీసేశాను. తీసేశాననుకున్నాను.

రెండు వారాల తర్వాత, మిట్టమధ్యాహ్నం, పైన ఫ్యాను కిరకిరలాడుతుంటే పాఠాలన్నీ మొదట్నించీ వాయించి వినిపిస్తున్నాను. పన్నెండో పాఠం సగంలో మాస్టారు చెయ్యెత్తారు.

"రెండో ఫిడేలు దిగి పలుకుతోందమ్మా."

మళ్ళీ వాయించాను. నాకేం తెలియలేదు. తెర మీద ఒక్కో స్వరం నోటుబుక్కుతో సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫిడేలు శబ్దం మార్చి ఇంకోటి పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఆయన కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపారు. "ఇంకా అలాగే ఉంది. వెంట్రుకవాసి. కానీ ఉంది."

అప్పటికి గంటపైన అయింది. పక్కన శుభలేఖ ప్రూఫు కోసం పెళ్ళివారు నిలబడి చూస్తున్నారు. ఓనరుగారు గడియారం చూసుకుంటున్నారు. నా చెవులు వేడెక్కాయి. ఆయనకి వినిపించేది నాకు వినిపించడం లేదని అందరి ముందూ ఒప్పుకోవాలి. పదకొండేళ్ళప్పుడు ఒప్పుకున్నదే మళ్ళీ ఒప్పుకోవాలి.

"రాసింది కరెక్టుగానే ఉందండీ. మీరే చూడండి" అన్నాను.

"మొన్న తెర మీద కనిపించేదంతా నిజం కాదన్నావు కదమ్మా?" ఆయన ఎత్తిపొడవలేదు, నిజంగానే అడిగారు.

 దానికి నేను ఈ మాటన్నాను:

"మాస్టారూ, కంప్యూటర్‌కి శ్రుతి తప్పదండి. వయసు మీదపడ్డాక చెవిలో ఇలాంటి తేడాలు వస్తాయంట. ఓసారి డాక్టర్‌కి చూపించుకోండి."

ఆయన స్పీకర్లకేసి చూశారు. "అయ్యుండొచ్చులేమ్మా" అని నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకున్నారు. అంతవరకూ ఆయన నోట అలాంటి మాట నేను వినలేదు.

ఇంతవరకే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. తెలియక అన్నాను, చిరాకులో అన్నాను. అసలు తప్పు ఆ తర్వాతది.

నాలుగు రోజులకి పుస్తకం ప్రూఫు తీస్తూ మెనూలో ఏదో నొక్కబోయి, దాచిన గుర్తుల్ని చూపించేది నొక్కాను. పన్నెండో పాఠం మధ్యలో, రెండో ఫిడేలు గీతల మీద, బూడిదరంగులో ఆ గుర్తు కనిపించింది. ఆ రోజు నేను దాన్ని తీసెయ్యలేదు, కనిపించకుండా దాచానంతే. కంటికి లేదు గానీ మెషీన్‌కి ఉంది. ఎంత కిందికి లాగాలో చెప్పే దాని అంకె కూడా ఎలా మారిపోయిందో మరి, మూలిగేంత కాకుండా, వెంట్రుకవాసి కిందికి లాగి, అక్కణ్ణించి పాఠం చివరిదాకా రెండో ఫిడేలుని అలాగే పట్టి ఉంచుతోంది. ఇటూ అటూ చూశాను. ఎవరూ గమనించలేదు. డిలీట్ నొక్కాను.

గురువారం మాస్టారు ఆలస్యంగా వచ్చారు. కూర్చుని, "ఆ పన్నెండోది ఒక్కసారి పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. ఆయన ముందుకి వంగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నారు. ఇంతకుముందెప్పుడూ చెవి వెనక చెయ్యి పెట్టడం చూడలేదు. పాఠం అయిపోయింది.

"ఇవాళ సరిగ్గానే ఉంది" అన్నారు మెల్లగా. "అంటే మొన్న నా చెవే."

చెప్పడానికి అదే సమయం. 'కాదండీ, నేను సరిచేశాను' అంటే చాలు. మూడు మాటలు. నేను ఫైలు సేవ్ చేస్తున్నట్టు మౌసు కదిపాను.

"ఒకరోజు బాగా వినిపించి, ఇంకోరోజు తప్పుగా వినిపించే చెవితో పిల్లలకేం చెబుతానమ్మా?" అన్నారాయన. నన్ను అడిగినట్టు లేదు.

ఆయన ఎంత సరిగ్గా ఆలోచించారో చూడండి. పూర్తిగా చెవిటివాడినని అనుకుని ఉంటే వేరు. అదే పాఠం, అదే మెషీన్, అవే స్పీకర్లు. వారం తేడాలో రెండు రకాలుగా వినిపించిందంటే, మారింది తన చెవే అనుకోవడం తప్ప ఆయనకి ఇంకో దారి లేదు. ఆ ఇంకో దారి మూసింది నేను.

పుస్తకానికి ముందుమాట చేత్తో రాసుకొచ్చారు. టైపు చేసింది నేనే. చివర్లో ఇలా ఉంది: 'ఇందులో పొరపాట్లేవైనా ఉంటే అవి నా ముసలి చెవివి. ఆ సంగతి నాకు సున్నితంగా తెలియజెప్పిన నా శిష్యురాలికి ఆశీస్సులు.' సున్నితంగా. ఆ మాటలో ఒత్తు తప్పు పడితే వెనక్కి వెళ్ళి దిద్దాను కూడా. అచ్చుతప్పు లేకుండా చూసుకున్నాను.

పుస్తకం వచ్చింది. ఆ వేసవి తర్వాత వరండాలో పాఠాలు ఆగిపోయాయి. శ్రుతి చెయ్యమని పిల్లలు ఫిడేళ్ళు తెస్తే, "ఇంకెవరి చేతనైనా చేయించుకోండమ్మా" అంటున్నారని తెలిసింది. ఒకరోజు బస్టాండులో మాస్టారి భార్య కనిపించారు. మేమంతా ఆవిణ్ణి పిన్నిగారనేవాళ్ళం.

"ఫిడేలు ముట్టుకోవట్లేదే. రేడియో కూడా పెట్టనివ్వరు. ఏది బాగుందో ఏది బాలేదో తెలీనప్పుడు వినడం దేనికంటారు. నువ్వొచ్చి ఓ మాట చెప్పవే, నీ మాటంటే ఆయనకి గురి" అన్నారు.

వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. వంతెన దిగిన దగ్గర్నించి ఆ వాక్యాన్ని మనసులో అనుకుంటూనే నడిచాను. మాస్టారు కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నన్ను చూసి సంతోషించారు. నాకు సంబంధం కుదిరిందట కదా, అబ్బాయి ఏం చేస్తాడని అడిగారు. చెప్పాను. కాఫీ తాగాను. ఆ సంతోషంలో ఇది కలపడం ఎందుకనుకున్నాను. లేచి వచ్చేశాను. ఎవరి సంతోషం? ఆయన నన్ను ఇంకా మంచిదాన్ననే అనుకుంటున్నారు. అది పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. అంతే.

నా పెళ్ళికి దంపతులిద్దరూ వచ్చారు. సన్నాయి వాయిస్తుంటే, మాస్టారు వాయించేవాళ్ళకేసి కాకుండా చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలకేసి చూస్తున్నారు. బాగుందో లేదో వాళ్ళని చూసి తెలుసుకుంటున్నారు. పీటల మీంచి నేను చూశాను. తల వంచుకున్నాను. పెళ్ళికూతుళ్ళందరూ వంచుకుంటారు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

మరో మూడేళ్ళకి ఆయన పోయారు. అప్పటికి నేను వేరే ఊళ్ళో ఉన్నాను. ఫోన్లో తెలిసింది.

అరవైలు దాటిన మనిషి, ఎలాగూ చెవి మందగించేదేనని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. అవి ఎక్కువ రోజులు నిలవలేదు. ఫ్యాను చప్పుడులో, రెండు ప్లాస్టిక్ స్పీకర్లలోంచి, అంత సన్నటి తేడాని ఆయన పట్టుకున్నారు. ఆ చెవి ఎంత గొప్పదో ఈ లోకంలో ఖాయంగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి తెలియాల్సిన ఆయనకే చివరిదాకా తెలియకుండా పోయింది.

పిన్నిగారు ఉన్నారు. ఆవిడకి చెప్పాలా? చెబితే బరువు నా మీంచి ఆవిడ మీదికి మారుతుందేమో. తెలియదు. ఇంకా తేల్చుకోలేదు.

ప్రస్తుతానికి మీకు చెప్పాను. ఆ రోజు మాస్టారు విన్నది నిజం. తప్పు నేను చేశాను. తెలిశాక దాచాను. ఈ మూడు వాక్యాల్నీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను, నా చేతిరాతతో. కొట్టివెయ్యను.