నలభై ఏడో పేజీ

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో వచ్చే ధాన్యం చూసుకునే పని చేస్తాను. ఉండేది సూర్యాపేటలో. పొద్దున బస్సెక్కితే గంటకు పైగా ప్రయాణం, సాయంత్రం మళ్లీ అంతే. చదువు పదో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం మిల్లులోనే, నాకు నేనుగా నేర్చుకున్నాను. గింజ కొరికి చూసి తేమ ఎంతుందో, మర ఆడిస్తే బియ్యం ఎంత వస్తుందో చెప్పగలను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ లెక్కల బుద్ధి నా చేత ఏం చేయించిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

నా భార్య సూర్యాపేట పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పుట్టిల్లు కోదాడ. ఆమెకు నవలలంటే ప్రాణం. బస్టాండు వెనక సందులో ఒక జిరాక్స్ షాపు ఉంది. దాని వెనక గదిలో ఒకప్పటి అద్దె నవలలు ఇంకా మిగిలి ఉన్నాయి. అన్నీ ఆడవాళ్లు చదువుకునేవే. పెళ్లి, అత్తిల్లు, పెళ్లికి ముందు మనసు పడ్డవాడు, ఏళ్ల తర్వాత వాడు డాక్టరుగానో కలెక్టరుగానో ఎదురుపడటం. వాటిని చూసి నేను నవ్వేవాణ్ణి.

"గవే ఏడుపులు మళ్ల మళ్ల సదువుతవ్. యాష్టకు రాదా?" అనేవాణ్ణి.

"మీరు అవే వడ్లు రోజూ కొరకట్లేదా?" అనేది.

నిరుడు యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో, అన్నం క్యారియర్ సంచిలో ఆమె నవల ఒకటి పొరపాటున నాతో వచ్చేసింది. ఆ రోజు మిల్లులో కాటా చెడిపోయింది. మెకానిక్ వచ్చేదాకా పనిలేక పుస్తకం తెరిచాను. అందులో భర్త బ్యాంకు క్యాషియరు. మంచివాడే. కూరలో ఉప్పు ఎంత తగ్గిందో చెప్తాడు గానీ, కూర బాగుందని ఒక్కనాడూ చెప్పడు. ఆ మాట దగ్గర ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. కాటా బాగయ్యిందని పిలిచినా లేవబుద్ధి కాలేదు.

అప్పటినుంచి ఆమె చదివి పెట్టిన పుస్తకాలు ఫ్రిజ్ మీద నుంచి తీసుకుపోవడం, సాయంత్రం తెచ్చి అక్కడే పెట్టడం అలవాటైంది. అట్ట మీద ఆడమనిషి బొమ్మ కనిపించకుండా మిల్లు క్యాలెండర్ కాగితం చుట్టేవాణ్ణి. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా బస్సు నిండా వాళ్లే. వాళ్ల మధ్య నిలబడి, వాళ్ల పుస్తకం, వాళ్లకు తెలియకుండా చదవడం. ఒకరోజు కండక్టరమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"గిది నేను సదివిన్నన్నా. ఆఖరికి మొగుని దగ్గరికే పోతది."

పక్కన కూర్చున్న ముసలమ్మ నవ్వింది. "ఎక్కడికి పోతది బిడ్డా మరి, సామానంత గాడనే ఉంటె," అంది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను. మిర్యాలగూడ దాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను గానీ, ఆమె మొగుడి దగ్గరికి ఎందుకు పోతుందో తెలుసుకోవాలనే ఆరాటం మాత్రం పోలేదు.

ఇలా ఉండగా ఒకటి కంటబడింది. ఒక నవలలో నలభై ఏడో పేజీ నంబరు చుట్టూ నీలి ఇంకుతో సున్నా చుట్టి ఉంది. సరిగ్గా ఆ పేజీలోనే కథానాయికకు పాత ప్రేమికుడు రైలు స్టేషన్లో కనిపిస్తాడు. తర్వాతి నవలలోనూ నలభై ఏడుకే సున్నా. అందులో ఆ పేజీలో అతని పెళ్లి కార్డు వస్తుంది. మూడోదానిలో కూడా అంతే. ఆ పెన్ను మా ఇంట్లో ఉండే పెన్నే. ఇలాంటి కథల్లో పాతవాడు ఇంచుమించు అక్కడే దిగుతాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. ఈమె తన కథ ఎక్కడ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టుకుంటోంది.

ఇక ఆగలేదు నా లెక్క. కోదాడ వెళ్లేటప్పుడు ఆమె కిటికీ పక్కనే ఎందుకు కూర్చుంటుంది? జూనియర్ కాలేజీ దాటేటప్పుడు మాట ఎందుకు ఆపుతుంది? పెళ్లైన కొత్తలో పుట్టింటికి పోతానని అంత పట్టు ఎందుకు పట్టింది? అన్నం పెడుతున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని, లోపల ఇవన్నీ కలుపుతూ కూర్చునేవాణ్ణి. ఆమెను అడగలేదు. అడిగితే ఆమె పుస్తకాలు దొంగచాటుగా చదువుతున్నానని చెప్పాలి.

దసరా ముందు కోదాడలో ఆమె అక్కావాళ్ల కొత్తింటి గృహప్రవేశం జరిగింది. భోజనాల సమయంలో మా వదిన, అంటే నా భార్య అక్క, డాబా మీద ఒంటరిగా విస్తళ్లు కడుగుతుంటే పైకి వెళ్లాను.

"వదినా, ఒక మాట అడుగుత. తప్పు పట్టొద్దు. పెళ్లికి ముందు మీ చెల్లె మనసుల ఎవరన్న ఉండెనా?"

"ఏంది మరిదీ, ఎండదెబ్బగాని తగిలిందా?" అని నవ్వింది. నేను నవ్వలేదని చూసి, చేతిలో విస్తరి కింద పెట్టింది. "ఇన్నేళ్ల కాపురం చేశాక అడిగే మాటేనా ఇది? అదీ నన్ను? కిందకి పోయి భోంచెయ్యి. దాని పక్కనే కూర్చో."

పక్కనే కూర్చున్నాను. పప్పు వడ్డించినవాళ్లకు చాలని చెప్పడం కూడా మరిచిపోయాను.

తిరుగు బస్సు మునగాల దాటింది. నా భార్య కిటికీలోంచి చూస్తూనే, "మా అక్కని ఏమడిగారు?" అంది.

అన్నీ చెప్పేశాను. ఫ్రిజ్ మీది పుస్తకాలు, క్యాలెండర్ కాగితం, నలభై ఏడు. ఆమె ఇటు తిరిగింది. కోపం కన్నా విసుగు ఎక్కువ ఉంది ఆ ముఖంలో.

"అది నా గుర్తు. చదివిన పుస్తకమే మళ్లీ అద్దెకి తెచ్చుకోకుండా పెట్టుకునేది. సగం వాటికి అట్టలుండవు, పేర్లు గుర్తుండవు. ఆ షాపులో ఒక్కొక్కళ్లకి ఒక పేజీ. ఎదురింటి పిన్నిది ముప్పై మూడు. మా సూపర్‌వైజరు మేడమ్‌ది నూటొకటి. నేను చేరేటప్పటికి నలభై ఏడు ఖాళీగా ఉంది."

బస్సు కుదుపులకు ఆమె చేతిసంచి నా మోకాలికి తగులుతోంది. మిల్లుకు వచ్చే రైతులకు నేను చెప్పే మాట ఒకటుంది. ఒక్క బస్తాలో గొట్టం గుచ్చి పిడికెడు గింజలు తీసి, లారీ మొత్తానికి ధర కట్టేవాణ్ణి నమ్మొద్దని. నేను చేసింది సరిగ్గా అదే. ముప్పై మూడు చుట్టూ సున్నా నాకు కనిపించలేదు. నూటొకటి కనిపించలేదు. నాకు కావలసిన పేజీ ఒక్కటే కనిపించింది.

అక్కడితో నోరు మూసుకున్నా కొంత మిగిలేది. గుండె మీద బరువు దిగినట్టై, "అయితె అసొంటోడు ఎవ్వడు లేడన్నట్టు," అన్నాను.

ఆమె చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

"ఉన్నాడో లేడో, నన్నడిగితే చెప్పేదాన్నేమో. మీరు మా అక్కనడిగారు."



ఇంట్లో వంటా మాటా మామూలుగానే సాగాయి. ఫ్రిజ్ మీద మాత్రం పుస్తకం లేదు. ఒక వారం చూశాను, తర్వాత అక్కడ మిక్సీ అట్టపెట్టె వచ్చి కూర్చుంది. ఆమె చదువుకునే వేళకి టీవీ పెట్టేది, దాన్ని చూసేది కాదు. నా అనుమానం కంటే, ఆమెకున్న ఒక్క సరదాను నేను తీసేశానన్నదే నన్ను ఎక్కువ తినేసింది. బస్సులో చేతులు ఖాళీ. "ఏందన్నా, బుక్కు ఖతమైందా?" అని కండక్టరమ్మ అడిగితే తలూపాను.

సంక్రాంతి పోయాక ఒక ఆదివారం జిరాక్స్ షాపుకు నేనే వెళ్లాను. ముందర ఆధార్ కార్డుల వాళ్లు వరుసలో ఉన్నారు. వాళ్లందరూ వినేట్టే అడగాల్సి వచ్చింది, నవలలు కావాలని. షాపాయన అద్దాలు పైకి నెట్టి చూశాడు.

"ఎవరికి? మేడమ్‌కా?"

"ఆమెకు. నాకు గూడ."

"మొగోళ్లు ఎవరు రారు ఈడికి. నువ్వే మొదలు. అయితె నీక్కూడ ఒక పేజీ పట్టుకో. ముప్పై లోపల ఖాళీ లేవు మరి."

వరుసలో ఎవరో నవ్వారు. నేను వెనక గదిలోకి పోయి ఒక్కొక్కటి తీసి నలభై ఏడో పేజీ చూడటం మొదలుపెట్టాను. దాదాపు అన్నిట్లో ఆమె సున్నా ఉంది. ఎన్నేళ్లుగా చదువుతోందో, నేను ఎన్నేళ్లుగా నవ్వుతున్నానో ఆ బీరువా ముందు తెలిసింది. చివరికి అడుగు అరలో సున్నా లేనిది ఒకటి దొరికింది.

సాయంత్రం టీ కప్పు పక్కన పెట్టి ఇచ్చాను. అట్ట చూసి, "ఇది అయిపోయింది," అంది.

"నలభై ఏడుకు సున్న లేదు గద. సూసే తెచ్చిన."

"పేజీ మార్చుకున్నాను." టీ తాగి, కప్పు పెట్టేసి అంది, "ఇంటికి తేవడం మానేశాను, చదవడం కాదు. అంగన్‌వాడీ సెంటర్లో గుడ్ల ట్రేల పక్కన బీరువాలో ఉంటాయి."

ఏ పేజీ అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. పుస్తకం నా వైపు జరిపింది.

ఇప్పుడు ఆ షాపు నుంచి నాకోసం నేనే తెచ్చుకుంటున్నాను. కాగితం చుట్టడం లేదు. ఒక్కొక్క పేజీ తిప్పి వెతికితే ఆమె కొత్త సున్నా దొరుకుతుంది, ఆ పెన్ను నాకు తెలుసు. అది కంటబడకూడదనే నంబరు ఉండే మూల మీద బొటనవేలు పెట్టుకుని చదువుతాను. బస్సు కుదిపినప్పుడల్లా వేలు జారుతుంది, మళ్లీ సర్దుకుంటాను.

మొన్న కండక్టరమ్మ అడిగింది, "ఎంతదాంక వచ్చినవన్నా?"

"తెల్వదు," అన్నాను.