మూడేళ్ళుగా నేను కట్టిన ట్యాక్స్

నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. కొవ్వూరులో ఒక హాస్టల్లో గిన్నెలు తోముతాను. జీతం పది వేలు. అందులో ఐదు వందలు గవర్నమెంటు ట్యాక్స్ అని సూపర్‌వైజరు పట్టుకుని, మిగతాది చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. మూడేళ్ళుగా ఇదే వరస. ఆ ట్యాక్స్ నాకు గొప్పగానే ఉండేది. మా వీధి కాలువ తీయకపోతే మున్సిపాలిటీ వాళ్ళ మీద "ట్యాక్స్ కట్టే మనిషిని నేను!" అని అరిచేదాన్ని.

ఈ రోజు ఏదో దరఖాస్తుకి కావాలంటే ఆ జీతం కాగితం నకలు హాస్టల్ ఆఫీసులో అడిగి తెచ్చాను. మనవరాలు చదివింది. ట్యాక్స్ అన్నచోట సున్నా ఉంది. నాకు ముట్టింది పూర్తిగా పది వేలని ఉంది. ఇంత జీతానికి అసలు ఇన్‌కమ్ ట్యాక్సే పడదట.

వెంటనే వెనక్కి వెళ్ళి సూపర్‌వైజర్ని పట్టుకున్నాను.

"ఏమయ్యా, నా ట్యాక్స్ ఏ గవర్నమెంటుకి కట్టావు?"

"మెల్లిగా మామ్మగారూ. పది వేలూ ముట్టాయని వేలిముద్ర వేసింది మీరే కదండీ."

"వేలు నాదేనయ్యా. అందులో ఏముందో చెప్పిన నోరు నీది."

"రేపట్నించి పనికి రావద్దంటే ఏం చేస్తారండీ?"

ఈ పని పోతే గడవదని తిరిగొచ్చాను. డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఇక కాలువ దగ్గర ఏమని అరవాలో తెలియని బాధ ఇంకొకటి.

రేపు పనికి వెళతాను. మనవరాలు చదివి చెప్పేదాకా మాత్రం ఏ కాగితం మీదా వేలు పెట్టను. మీ ఇంట్లో వేలిముద్ర వేసే పెద్దవాళ్ళుంటే, వాళ్ళ జీతం కాగితం ఒక్కసారి చదివి వినిపించండి. అందులో ఏం రాసుందో నాకూ చెప్పండి.