మా కారుకు కామెర్లొచ్చిన దసరా

ఇల్లు కాలిన కథలు, పెళ్లి ఆగిన కథలు మీరు చాలా విని ఉంటారు. నేను చెప్పబోయేది అంత పెద్దదేమీ కాదు. ఒక కారు, దాని రెండు హెడ్‌లైట్లు, గిన్నెడు పసుపు, వాటి మధ్య సైన్సు చదివిన ఒక మూర్ఖుడు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ఎంత అనర్థం జరగాలో అంతా జరిగింది. నాలుగేళ్లయింది. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది గానీ వినేవాళ్లకు రాలేదు. ఒకసారి రాసి పడేస్తే, ఇక అడిగినవాళ్ల చేతిలో కాగితం పెట్టి నేను కాస్త నడుం వాల్చవచ్చని ఈ ప్రయత్నం.

మేముండేది వనపర్తిలో. నేను బిజినేపల్లి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. అవసరమైన రోజున నేనే మరిచిపోయాను, కనీసం మీరైనా గుర్తుపెట్టుకోండి. నా భార్య సువర్ణ పెద్దమందడి దవాఖానలో నర్సు. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు బస్సుల కోసం రోడ్డు మీద నిలబడి నిలబడి, చివరికి పట్టుబట్టి కారు నడపడం నేర్చుకుంది. పాత తెల్ల కారు ఒకటి కొన్నాం. ఇంట్లో దాన్ని నడిపేది ఎక్కువగా ఆమే. డ్యూటీని బట్టి పొద్దు పొడవకముందే బయల్దేరడమో, దీపాలు పెట్టాక తిరిగి రావడమో ఆమెకు తప్పదు.

మా ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. కారు కోసమే వేయించాను. వేయించిన నెలలోనే ఆత్మకూరు నుంచి మా అమ్మ పల్లీ బస్తాలు పంపింది. పల్లీలు ఎండకు పాడవుతాయని వాటిని షెడ్డులో పెట్టి, కారుకేమవుతుందిలే, ఇనుమే కదా అని బయట పెట్టాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, షెడ్డు ఉండి కూడా కారు నెత్తిన ఎండ. పాలమూరు ఎండ సంగతి మీకు చెప్పాలా? ఏళ్లు గడిచేసరికి హెడ్‌లైట్ల మీద పాలమీగడలాంటి పొర కట్టింది.

ఆ భాద్రపదంలో ఒక సాయంత్రం సువర్ణ ఇంటికొచ్చి, తాళం బల్ల మీద పెట్టి, చెంబెడు నీళ్లు తాగింది. ఇంకో చెంబు ముంచుకుంది.

"ఏమైంది?"

"బర్రె. బానెట్టు కాడికి వచ్చినంక కనవడ్డది. దానికి నేను కనవడ్డ, నాకే అది కనవడలే. అదే పక్కకు జరిగింది."

నాకు నిజంగా భయమేసింది. పైగా కారుకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, ఫిట్‌నెస్ పరీక్ష దసరా అయిన రెండు రోజులకు ఉంది. ఆ లైట్లతో పరీక్ష దాటదు. దాటకపోతే సువర్ణకు మళ్లీ బస్టాండే.

మరునాడే బస్టాండు దగ్గర మెకానిక్ ఖాజా భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన లైటు మీద వేలితో రాసి చూశాడు.

"బల్బు మంచిగనే ఉంది సార్. ఇది ఎండకు వచ్చే పొర. కొత్తగున్నప్పుడు ప్లాస్టిక్కు మీద పూత ఉంటది. ఎండకు ఆ పూత పోతది, పొర వడ్తది. నీడకు పెట్టుకోవాలె, లేకుంటే పైన బట్టన్న కప్పాలె."

"ఇప్పుడేం చేయాలె?"

"వాటర్ పేపర్ తోని తడుపుకుంట రుద్దాలె. ముందు గరుకుది, తర్వాత నున్నది, తర్వాత ఇంక నున్నది. పాలిష్ పట్టాలె. ఆఖరికి మల్ల పూత ఎయ్యాలె. పూత ఎయ్యకుంటే అంత బేకార్. తోలు వలిచినట్టుంటది, ఏది తాకినా పట్టుకుంటది. బండి ఇడిసిపోండ్రి, సాయంత్రానికి ఇస్త."

"వద్దు భాయ్. నేనే చేసుకుంట. సైన్స్ టీచర్ని, నాకు గివన్నీ తెలుసు."

ఖాజా భాయ్ నా ముఖం వంక కాసేపు చూశాడు. జ్వరమొచ్చిన మనిషి దవాఖానకు రానంటే సువర్ణ చూసే చూపది. రుద్దే కాగితాలు, పాలిష్ డబ్బా, పూత సీసా సంచిలో వేసి ఇచ్చాడు. "పూత మరువొద్దు సార్" అని వీధి మలుపు దాకా వినిపించేలా రెండోసారి కూడా చెప్పాడు.

దసరా ముందురోజు పొద్దున కూర్చున్నాను. రుద్దాను. నీళ్లు పోశాను, మళ్లీ రుద్దాను. మధ్యాహ్నానికి నా భుజాలు నావి కావనిపించాయి. కానీ నిజం చెప్పాలి కదా, సాయంత్రానికి ఆ లైట్లు మెరిశాయి. లోపలి బల్బు, దాని వెనక గిన్నె, అన్నీ కనిపించాయి. సువర్ణ వంగి చూసింది.

"అబ్బ! ఇగ బర్రెలు బతికిపోయినయి" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఆ మాటతో నాకు తల తిరిగింది. ఆ ఊపులోనే పల్లీ బస్తాలన్నీ మోసి వసారాలో పడేసి, కారును మొదటిసారి షెడ్డులో పెట్టాను. ఇక జన్మలో దీనికి ఎండ తగలనివ్వనని శపథం పట్టాను.

"పూత ఏసినవా?" అని అడిగింది సువర్ణ.

సీసా మీద రాసింది చదివాను. వేశాక ఒక రోజంతా దాన్ని ఏదీ తాకకూడదట. మరునాడు దసరా, బండిపూజ. పూజంటే పసుపు, కుంకుమ, నీళ్లు, పది చేతులు. అంత ఖరీదైన పూత పాడైపోదా? అందుకని ఎంతో ముందుచూపుతో, "పూజ అయినంక ఏస్త" అన్నాను. చూశారా, ఎంత తెలివైన మాటో!

దసరా పొద్దున్నే ఆత్మకూరు బస్సులో అమ్మ దిగింది. దిగుతూనే గిన్నెలో పసుపు పోసి, అందులో పల్లీనూనె కలిపింది. నీళ్లతో కలిపితే ఎండి రాలిపోతుందని, నూనెతో అయితే నిలుస్తుందని ఆమె పద్ధతి. బానెట్టు మీద మూడు వేళ్లతో రాసి, కుంకుమ బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అక్కడితో ఆగి ఉంటే నేనీ కథ రాసేవాణ్ణి కాదు.

"అమ్మా, లైట్లకు గూడ పెట్టు" అన్నాను.

"అద్దాలకు గింత బొట్టు చాలు కొడుకా."

"బొట్టేంది? నిన్న రెక్కలు ముక్కలు చేసుకున్నదే వాటికి. నిండుగ పుయ్యాలె."

గిన్నె నేనే లాక్కున్నాను. గడపకు పూసినట్టు రెండు లైట్లకూ ఆ కొస నుంచి ఈ కొస దాకా పూశాను. సువర్ణ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఖాజా భాయ్ ఏది తాకినా పట్టుకుంటదన్నడు గద?"

"పసుపుకు దోషముంటదా సువర్ణా? అది మంగళం."

పండుగ పూట పూజ పసుపు తుడవకూడదు కనుక పగలంతా, రాత్రంతా అది అక్కడే, ఆ చల్లని షెడ్డు నీడలో హాయిగా నానింది.

మర్నాడు తడిగుడ్డతో తుడిచాను. పసుపు పోయింది, పచ్చదనం పోలేదు. ఇంకో గుడ్డ తెచ్చాను. గుడ్డ పచ్చబడింది గానీ లైటు తెల్లబడలేదు. సువర్ణ వచ్చి, రోగి కనురెప్ప కిందికి లాగి చూసినట్టు లైటు అంచు పట్టుకుని పరీక్షగా చూసింది.

"కామెర్లు" అంది.

"మంచిగనే ఉన్నది గదనే, పెండ్లిపిల్ల లెక్క" అంది అమ్మ.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా కారుకు లోకం ఎలా కనిపించిందో తెలియదు గానీ, వీధిలో పోయేవాళ్లందరికీ మా కారు మాత్రం పచ్చగానే కనిపించింది. ఎదురింటి ముసలాయన ఆగి, కామెర్లకు పసరు పోసే మనిషి తనకు తెలుసునని చెప్పి మరీ వెళ్లాడు.

నేను కంగారుపడే మనిషిని కాను. మరక అంటే సబ్బు. బకెట్లో బట్టల సబ్బుపొడి గుప్పెడు, కాదు, రెండు గుప్పెళ్లు కలిపి, చిక్కటి నురగ చేసి రెండు లైట్లకూ దట్టంగా పట్టించాను. నా కళ్ల ముందే అవి ఎర్రబడ్డాయి.

నమ్మండి. పచ్చ పోయి ఎరుపొచ్చింది. మూడు రోజులు ఏడ్చినట్టుంది కారు.

"దిష్టినీళ్లు కలిపినవా ఏంది?" అంది అమ్మ వెనక్కి జరుగుతూ. "పసుపుల సున్నం కలిపితె గిట్లనే అయితది."

"కామెర్లు పోయి కండ్లకలక వచ్చింది" అంది సువర్ణ.

అప్పుడు వెలిగింది నాకు. పసుపు క్షారంలో ఎర్రబడుతుంది. సబ్బు క్షారం. ఏటా పదో తరగతికి నేను చెప్పే పాఠం. పసుపు కాగితం మీద సబ్బునీటి చుక్క వేసి, "చూసిండ్రా, దీన్ని సహజ సూచిక అంటరు" అని పిల్లల చేత చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. మా అమ్మ బడి మొహం చూడలేదు. ఆమెకు తెలుసు.

క్షారానికి విరుగుడు ఆమ్లం. పాఠంలో తర్వాతి పేజీ. పండుగ మర్నాడు కొట్లు తెరవలేదు. ఇంట్లో ఉన్నవి టైర్ల కింద నలిగిన నిమ్మకాయలే. తీసి పిండబోయాను.

"దిష్టి తీసిన నిమ్మకాయలు ముడ్తవారా!" అని అమ్మ కేకపెట్టింది. "సదివితె ఉన్న మతి పోయిందంటరు. నీకు సదువు చెప్పవోతె పోయింది!"

అయినా పిండాను. ఎరుపు పోయింది. పచ్చ తిరిగొచ్చింది. ఎక్కడ బయల్దేరానో అక్కడికే చేరాను, కాకపోతే ఇప్పుడు అమ్మ నా చుట్టూ ఉప్పు తిప్పుతోంది.

మరునాడు పొద్దున అవే లైట్లతో పరీక్షకు పోయాం. అధికారి లైట్లు వేయమన్నాడు. పచ్చటి గుడ్డివెలుగు గోడ మీద పడింది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"ఏందిది?"

"పసుపు సార్."

"పసుపని కనవడ్తుంది. ఎందుకుంది?"

"దసరా సార్."

"మీరేం జేస్తరు?"

"టీచర్ని సార్."

"ఏం సబ్జెక్టు?"

గాలి కూడా ఆగినట్టనిపించింది. సువర్ణ నా వైపు చూసింది. వందల ఏళ్లుగా శాస్త్రం కోసం ప్రాణాలిచ్చిన మహానుభావులు కళ్ల ముందు మెదిలారు. వాళ్ల పరువు నా చేతిలో ఉంది.

"సోషల్ సార్" అన్నాను.

సువర్ణకు దగ్గొచ్చింది. అధికారి జాలిగా తలూపి, లైట్లు బాగుచేయించుకుని పది రోజులకు రమ్మన్నాడు. అప్పటిదాకా చీకట్లో బండి తీయవద్దన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా పోయి జరిగింది చెబితే ఖాజా భాయ్ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికయ్యేది. "ఎండల పెట్టుండ్రి సార్. పసుపు ఎండకు పోతది. నీడకు పెట్టిండ్రు గాబట్టే గంతగనం నిలిచింది" అన్నాడు.

"ఎండకే పొర వడ్తదన్నవ్ గద భాయ్?"

"పొర వడ్తందుకు ఏండ్లు వడ్తది. పసుపు పోయెతందుకు నాలుగు దినాలు చాలు. పోయినంక తెండ్రి, పూత నేనేస్త. మీరు ముట్టొద్దు."

ఏళ్ల తరబడి ఎండలో పెట్టి ఒక తప్పు చేశాను, ఒక్కరోజు నీడలో పెట్టి ఇంకోటి చేశాను. మా ఇంటి ముందు వేపచెట్టు నీడ, వెనక షెడ్డు నీడ. ఎండ నిండుగా తగిలేది మా బడి ఆవరణలోనే. అందుకని ఆ పది రోజులూ పగటిపూట కారు నాతో బిజినేపల్లికి, చీకటితో సువర్ణ బస్సులో పెద్దమందడికి.

మొదటిరోజు ఆమెను బస్టాండు దాకా నడిపించాను. టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని, ఎనిమిదేళ్లు నిలబడ్డ ఆ స్తంభం దగ్గరే మళ్లీ నిలబడింది. నాకు చాలా సిగ్గేసింది. తిట్టినా బాగుండేదనిపించింది. బస్సెక్కాక కిటికీలోంచి, "కారును ఎండల వెట్టు, మరువకు" అంది. అంతే.

బడిలో లెక్కల సార్ ఒక్కడికే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, జరిగింది చెప్పాను. పసుపు నాలుగు రోజుల్లో చాలావరకు వెలిసింది, మిగిలింది పాలిష్‌తో పోయింది. ఖాజా భాయ్ పూత వేశాడు. పరీక్ష దాటింది. సువర్ణ తాళం చేతికి తీసుకుని, కారును షెడ్డులో పెట్టి, లైట్ల మీద పాత చీర కప్పింది. పల్లీ బస్తాలు నా గదిలోకి వచ్చాయి. ఇది రాస్తున్నది వాటికి ఆనుకునే.

ఆ నెలలోనే పదో తరగతిలో ఆ పాఠం వచ్చింది. తప్పించుకోలేను కదా. గొంతు సవరించుకుని, "క్షారంలో పసుపు ఏ రంగుకు మారుతుంది?" అన్నాను. ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి వినయంగా లేచి నిలబడింది.

"సార్, కాగితం మీదనా, కారు మీదనా?"

కనుక, పదో తరగతి భౌతిక రసాయన శాస్త్ర పుస్తకం మీద కుడిచేయి పెట్టి, పల్లీ బస్తాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. హెడ్‌లైట్లు ఖాజా భాయ్‌వి. పసుపు మా అమ్మది. కారు సువర్ణది. ఈ మూడింటి జోలికీ ఈ జన్మలో పోను. నాకు మిగిలింది సైన్సొక్కటే, దాన్ని పిల్లలకు చెప్పుకుంటూ బతుకుతాను. ఆ అధికారి ఎప్పుడైనా బజార్లో ఎదురుపడితే మాత్రం, నేను సోషల్ టీచర్నే.